ముప్పై ఏడో ట్రాక్

మస్కీగన్‌లో ఫిబ్రవరి.
ఒకప్పుడు టైర్లు మార్చిన షెడ్డే మా స్టూడియో.
గోడలకు పాత పరుపులు కొట్టాం,
అయినా హీటర్ వేస్తే చాలు
నేలలోంచి రబ్బరు వాసన లేస్తుంది.

కోరీన్ హోక్‌స్ట్రా మూడో ఆల్బమ్.
పదకొండు పాటలు, పంతొమ్మిది రోజులు,
కానుకల పళ్లేల్లో రాలిన డబ్బు కొంత,
మిగతాది కంపెనీ అప్పు.

నా పని ఊపిరులు తీసెయ్యడం.
మాటకూ మాటకూ మధ్య ఆమె పీల్చిన గాలి
తెరమీద గడ్డిపరకలా కనిపిస్తుంది.
కత్తిరించి పారేస్తాను.
'ప్రభువా'కు ముందొకటి, 'ప్రభువా' తర్వాత ఒకటి.
పొద్దుగూకేసరికి నా చెత్తబుట్టలో
ఒక మనిషి గంటసేపు బతకడానికి సరిపడా గాలి.

నేను చర్చి గడప తొక్కి ఆరేళ్లు.
ఆమెకు తెలుసు, అడగదు.
పొద్దున్నే కాఫీ కప్పు మీద అరచెయ్యి మూతపెట్టి
కళ్లు మూసుకుంటుంది.
ఆ కాసేపూ నేను
చుట్టేసిన కేబుళ్లనే మళ్లీ చుడుతుంటాను.

ఏడో పాట దగ్గర బండి ఆగింది.
అది డిర్క్ పాట. ఆమె తమ్ముడు.
మొన్న డిసెంబరులో
సరస్సు గడ్డకట్టిందనుకుని చేపలకెళ్లాడు.
గడ్డకట్టలేదు.

రెండు చరణాలు, రెంటి నిండా ప్రశ్నలే.
చివర పియానో, ఎవరో తలుపు వెయ్యకుండా
వెళ్లిపోయినట్టు.

కంపెనీ నుంచి ప్రెంటిస్ వచ్చాడు.
బూట్ల మంచు దులుపుకోకుండానే విన్నాడు.
మంచివాడే, కళ్లు కూడా తుడుచుకున్నాడు.
తర్వాత అన్నాడు:
"పిల్లల్ని బడికి దింపుతూ తల్లులు వింటారు కోరీన్,
ఎర్రదీపం దగ్గర వాళ్లనిలా వదిలెయ్యలేం.
చివర్లో ఒక్క పల్లవి. కాస్త ఆశ."

ఆమె వాదించలేదు.
పిజ్జా రసీదు వెనక నాలుగు లైన్లు రాసింది.
నిజం చెప్పొద్దూ, మంచి లైన్లే.
"ఇవి నమ్ముతాను," అంది,
"గొంతులోకే ఇంకా దిగలేదు."

పదిహేడు సార్లు మైకు ముందు నిలబడింది.
పదిహేడు సార్లూ మొదటి మాట
పెదవి దాటలేదు.
శబ్దమని హీటర్ ఆపేశాం, అందరం కోట్లలోనే.
డ్రమ్ముల లెస్టర్ కర్రలు ఒళ్లో పెట్టుకుని
నేలకేసి చూస్తున్నాడు.

సాయంత్రం కోరస్‌కి
ఐదుగురు ముసలమ్మలు దిగారు, గంటకింతని.
హెండ్రికా, విల్మీనా, నడుం పట్టీతో లోయిస్,
పేర్లు గుర్తులేని ఇంకో ఇద్దరు.
చేతిసంచుల్లో దగ్గు బిళ్లలు.
కాగితం చూసి హెండ్రికా అడిగింది:
"ఇది ఆ పిల్ల పాడదా?"
ఎవరం మాట్లాడలేదు.
ఆవిడ హెడ్‌ఫోన్ ఒక చెవి మీదికి తోసుకుని
"సరే, మేం పట్టుకుంటాం," అంది
చావింటికి గిన్నెలో కూర మోసుకెళ్లినంత
మామూలుగా.

పాడారు.
శ్రుతి అటూ ఇటూ పోయింది.
లోయిస్ ఒక మాట ముందే అందుకుని నాలిక్కరుచుకుంది.
గాజుగదిలో కోరీన్ తన మైకు ముందే కూర్చుంది,
నోరు మూసుకుని.
నేను ఆమె ట్రాక్ ఆపలేదు.
ముప్పై ఏడోది.

ఈ రాత్రి మిక్సింగ్‌లో
దాన్నొక్కదాన్నే వింటున్నాను.
కుర్చీ కిర్రుమంది. కోటు జిప్పు.
హెడ్‌ఫోన్లలోంచి కారిన ముసలి గొంతులు, చీమలంత.
తర్వాత ఊపిరి.
పాడబోయే మనిషి పీల్చే ఊపిరి, నిండుగా.
పాట రాలేదు.
మళ్లీ ఊపిరి.

పాట లేని ట్రాక్ మూసెయ్యడం మా వృత్తిధర్మం.
కత్తెర మీద వేలు చాలాసేపే ఉంచాను.
తీసి, ఆ గీతను వెంట్రుకవాసి పైకి నెట్టాను.

పొద్దున్నే ప్రెంటిస్ ఫోను:
"చివరి పల్లవిలో ఆమె లేదేం?"

"ఉంది," అన్నాను,
"కాస్త వెనగ్గా."

ఫోను పెట్టేసి
హీటర్ వేశాను.